దున్న దాలయ్య కూత

మనుషుల కాలేజీల గొడవలు మీకు తెలిసినవే. జంతువుల కాలేజీల సంగతి నన్నడగండి. వాగుకి పైన ఎగువ కాలేజీ, కింద దిగువ కాలేజీ. ఏడాదికోసారి రెండింటికీ చెడుగుడు పోటీ. ఆట కంటే అరుపులే ఎక్కువ. ఎగువ వాళ్ళకి అరుపులు కట్టేది నక్క నాగభూషణం, వాటిని జనం చేత అరిపించేది గాడిద గవరయ్య. "దిగువోళ్ళు దిగారు, దుమ్ములోన దొర్లారు!" అని గవరయ్య ఎత్తుకుంటే వాగులో కప్పలు నోళ్ళు మూసుకునేవి.

ఈ ఏడు ఆట హోరాహోరీగా సాగింది. చివరికి పాయింట్లు సమానం. మిగిలింది ఒక్క కూత, అదీ దిగువ వాళ్ళది. సరిగ్గా అప్పుడే వాళ్ళ కుందేలు కాలు మడతపడింది. బదులు దిగడానికి బయట ఉన్నది ఇద్దరే: చురుకైన మేక, దున్న దాలయ్య.

పాపం దాలయ్య! మూడేళ్ళుగా టీములో పేరుంది గాని, గీత లోపల అడుగు పెట్టింది లేదు. అందరికీ మంచినీళ్ళు మొయ్యడం, తువ్వాళ్ళు అందివ్వడం, ఇదే వాడి ఆట. చదువుకి ఇది ఆఖరి ఏడాది. ఇవాళ దిగకపోతే ఇంకెప్పుడూ లేదు.

"కెప్టెన్, నన్ను పంపవా? ఒక్కసారి," అన్నాడు మెల్లగా.

కెప్టెన్ పొట్టేలు పైడిరాజు తల పట్టుకున్నాడు. "ఒరే దాలిగా, నువ్వంటే నాకు ప్రాణం రా. కానీ నువ్వు వెళ్ళి వెనక్కి తిరిగేసరికి తెల్లారిపోతుంది. మేకా, నువ్వు లే!"

దాలయ్య నీళ్ళకుండ పక్కన కూలబడ్డాడు.

ఇదంతా విన్న నాగభూషణం గవరయ్య చెవి పట్టి లాగాడు. "బావా, ఆ మొద్దు దిగితే మనం గెలిచినట్టే. వాడి పేరు అరిపించు!"

"అవతలివాడి పేరా? మతి గాని పోయిందా నీకు?"

"నీ గొంతు నీది, బుర్ర నాది. చెప్పింది చెయ్యి!"

గవరయ్య అందుకున్నాడు. "దించండి దించండి, దాలయ్యను దించండి! దాలయ్య వస్తుంటే దారి మీరు ఇవ్వండి!" ఎగువ జనమంతా పకపకా నవ్వుతూ అరిచారు. అది విని దిగువ వాళ్ళకి రోషం వచ్చింది. "మనవాడి పేరు వాళ్ళు అరవడమేంటి, మనకి నోళ్ళు లేవా?" అంటూ వాళ్ళూ మొదలెట్టారు. మైదానమంతా దాలయ్యే.

పైడిరాజు చేతులెత్తేశాడు. "సరే, వెళ్ళరా నాయనా. ఏదైతే అదవుతుంది."

దాలయ్య గీత దాటాడు. "చెడుగుడు చెడుగుడు..." నాలుగడుగులు వేశాడో లేదో, ఎగువ ఆటగాళ్ళు ఏడుగురూ మీద పడి కాళ్ళూ తోకా పట్టేసుకున్నారు. నాగభూషణం మీసం దువ్వుకున్నాడు. ఇంక కూత ఆగడమే తరువాయి.

కూత ఆగలేదు. ఎండాకాలమంతా మడుగులో ముక్కు దాకా మునిగి బతికే వాడికి ఊపిరి తక్కువా! ఏడుగురినీ ఈడ్చుకుంటూ వెనక్కి ఒక్కో అడుగే వేస్తున్నాడు. "చెడుగుడు చెడుగుడు..."

"అరుపు ఆపు బావా, ఆపు!" నాగభూషణం గోల పెట్టాడు.

"ఆగట్లేదు బావా, ఊపొచ్చేసింది!" అన్నాడు గవరయ్య. "ఇంకొక్క అడుగేరా దాలయ్యా!" ఎగువ జనం కూడా ఎవరి పక్షమో మరిచిపోయి ఊగిపోతున్నారు.

దాలయ్య గిట్ట గీత మీద పడింది. పట్టుకున్న ఏడుగురూ అవుట్. రెఫరీ కొంగ ఈల వేసింది. పైడిరాజు పరిగెత్తుకొచ్చి దాలయ్య మెడ కావలించుకుని, "నాదే తప్పురా," అని భోరుమన్నాడు.

కాసేపటికి దాలయ్య కుంటుకుంటూ ఎగువ వాళ్ళ వైపు వచ్చాడు. నాగభూషణం తిట్లకి సిద్ధపడి ముడుచుకున్నాడు.

"నాగభూషణంగారూ, మూడేళ్ళలో నా పేరు పెట్టి ఎవరూ అరవలేదండీ. మొదట అరిపించింది మీరేనట కదా. గీత దగ్గర ఇంక నావల్ల కాదనుకున్నాను. మీవాళ్ళ కేక విని ఆ చివరడుగు వేశాను. మీ మేలు మరిచిపోను," అని ముందుకాళ్ళు వంచి దణ్ణం పెట్టాడు.

అంతటి మాటకారి నాగభూషణం "దానికేముందిలే తమ్ముడూ," అని గొణిగి తోక ముడిచాడు.

నీతి: పిలుపు కోసం ఏళ్ళ తరబడి చూస్తున్నవాణ్ణి ఎగతాళికి పిలిచినా, వాడు నిజంగానే లేచి వస్తాడు.