లేచి నిలబడ్డ గేదెలు

ఆ ఏడు ఎండలకి కొండ కింద మడుగు ఎండి నెర్రెలు విచ్చింది. అడవిగేదెల మందకి ఇంకొక్క పూట నడిచే ఓపిక మాత్రం ఉంది. బాలింత గేదెకి పాలు ఇంకిపోయి, ముందురోజు పుట్టిన దూడ తూలుతోంది. దారి తప్పితే ఆ దూడ బతకదు.

అప్పుడొచ్చింది నక్క. తూర్పు లోయలో పొంచి ఉన్న పులి దగ్గరికి మందని తోలిపెడితే మిగిలిన బొమికలు దానివి. అదీ వాళ్ల ఒప్పందం.

"మామా, తూర్పు లోయలో మోకాల్లోతు నీళ్లు. ఇందాకే తాగొచ్చాను," అంది దున్నపోతుతో.

దున్నపోతు లేచింది. "పదండి మరి."

"కూర్చో తమ్ముడూ. అందర్నీ అడగొద్దూ?" అంది ముసలి గేదె చుక్కమ్మ.

"దూడ చచ్చాక అడుగుతావా పెద్దమ్మా?" అంది నక్క.

పడుకున్న గేదెల్లోంచి ఒకటి లేచింది. నీళ్లెటు ఉన్నాయనిపించిందో అటు ముఖం పెట్టి కాసేపు నిలబడి, మళ్లీ పడుకుంది. ఇంకోటి లేచింది. దానికి పొద్దున పడమటి గాలిలో బురదవాసన తగిలిందట. మరోటి గువ్వలు అటే ఎగరడం చూసింది. ఒకటి నక్కని నమ్మి తూర్పుకే నిలబడింది, దాన్నెవరూ ఏమీ అనలేదు. కుంటిదీ లేచింది, బాలింతా లేచింది. ఒక్క మాట లేదు, ఒక్క కుమ్ములాట లేదు.

"ఏంటి మామా, ఒళ్లు విరుచుకుంటున్నారా?" అంది నక్క.

"ఉండు. మా ఆడవాళ్లు లేచి నిలబడితే ఇంక నా మాట చెల్లదు."

ఎండ నెత్తికెక్కింది. నక్కకి నాలుక పిడచకట్టుకుపోయింది. "మీరు తేల్చుకునేలోపు ఓ పని చూసుకొస్తా," అని పొదల్లోకి జారుకుంది.

పొద్దు వాలేసరికి, ఎవరూ పిలవకుండానే, మందంతా ఒక్కసారి లేచింది. ఎక్కువమంది పడమటికి చూశారు గనక అందరూ అటే కదిలారు. తూర్పుకి నిలబడ్డదీ వెంటే నడిచింది. దున్నపోతు వెనక్కి వచ్చి దూడకి తోడుగా నడిచింది.

కొండ మలుపు తిరగ్గానే నీళ్లు కనిపించాయి. ఒడ్డున మూతి ముంచి గటగటా తాగుతోంది మన నక్క.

"తూర్పున మోకాల్లోతు ఉన్నాయన్నావు, ఇంత దూరం ఎందుకొచ్చావు అల్లుడూ?" అంది దున్నపోతు.

తూర్పున పులి ఆకలితో నక్కకోసమే ఎదురుచూస్తోంది. బాలింత గేదె కడుపునిండా తాగింది. చీకటి పడకముందే దూడ పొదుగు పట్టుకుంది.

ప్రతి ఒక్కరికీ లేచి నిలబడే వంతు ఇచ్చిన గుంపుని, తొందరపెట్టేవాడు ఒక్కడు దారి తప్పించలేడు.