పటంలో చెరువు

భగవంతుడి దయవల్ల మనమంతా నీడపట్టున చల్లగా కూర్చున్నాం. చుక్క నీరు లేకుండా ఎడారిలోకి బయలుదేరబోయిన మూడువందల మంది సంగతి చెబుతాను, వినండి.

గుండ్లకోన రాజు త్రిభువనరాయలికి ఎడారి దాటి అవతలి అమ్మవారిని దర్శించుకోవాలని బుద్ధిపుట్టింది. నలభై రోజుల దారి.

"దారి తెలిసినవాళ్ళెవరు?" అన్నాడు.

ఆస్థాన పండితుడు శేషాద్రి భట్టు ఉత్తరీయం సవరించుకుంటూ లేచాడు. "ఆ ఎడారి నాకు మా పెరడుతో సమానం ప్రభూ! మూడుసార్లు దాటాను." ఎక్కడ కొన్నాడో ఏమో, ఓ పట్టుగుడ్డ పటం పరిచాడు. "మజిలీ మజిలీకీ నీళ్ళే! తోలు నీళ్ళతిత్తులెందుకు, బరువు! ఆ ఒంటెలమీద నా పరుపులూ దిండ్లూ ఎక్కించండి."

రాజు సరేనన్నాడు. పటం కొలువులోనే ఉంచమన్నాడు.

నీళ్ళు మోసే ఓబులేసు విదూషకుడు సింగన దగ్గరికి పరుగెత్తాడు. "సామీ, తిత్తుల్లేకుండా పోతే మావోళ్ళు ఒక్కరూ తిరిగిరారు. ఆ భట్టు ఎప్పుడన్నా ఎడారి చూసినాడా?"

"ఊరి పొలిమేర చూసుంటే గొప్ప! నువ్వెళ్ళి తిత్తులు కుట్టించు" అన్నాడు సింగన. పైకి అలా అన్నాడేగాని, రాజు మాట ఇచ్చేశాడాయె! అమ్మవారికో దణ్ణం పెట్టుకుని భోజనానికి వెళ్ళాడు.

మర్నాడు సభలో పటం మీదికి వంగాడు.

"భట్టుగారూ, పదో మజిలీ పక్కన ఈ గోధుమరంగు గుండ్రం ఏమిటండీ?"

భట్టు ముక్కు ఎగరేశాడు. "అదీ తెలియదుటయ్యా? చెరువు! పెద్ద చెరువు!"

"లోతెంతో?"

"నిలువు లోతు! మూడుసార్లూ అందులో మునిగే సంధ్య వార్చాను. నీళ్ళా, కొబ్బరినీళ్ళే! వంటింటి గడప దాటనివాడివి, నీకేం తెలుస్తుంది?"

సింగన పటం తీసి రాజుగారి ముక్కు దగ్గర పెట్టాడు.

రాజు వాసన చూశాడు. "ఇంగువ!"

"చిత్తం ప్రభూ. ఆ చెరువు నిన్న మధ్యాహ్నం నేను తవ్విందే, చెయ్యి కడుక్కోకుండా వచ్చి, పులుసు వేలితో! మూడుసార్లు మునిగారట, భట్టుగారి జుట్టులో కరివేపాకేమైనా ఉందేమో చూడండి!"

సభ గొల్లుమంది. రాజు కడుపు పట్టుకుని నవ్వుతూ మెడలోని హారం తీసి సింగన మెడలో వేశాడు.

"పరుపులు దింపి తిత్తులు ఎక్కించండి. మొదటి తిత్తి మాత్రం ఒంటెకొద్దు, భట్టుగారి భుజానికి!"

ఓబులేసు అప్పటికే దాన్ని నిండా నింపి తెచ్చాడు.