పసిడికప్ప పక్కన కానుగచెట్టు

అనగనగా ఒక రాజు. ఆయన మీసాలు ఎంత పొడుగంటే, ఒక కొసన చీరలారేస్తే రెండో కొసన చిలకలు గూళ్ళు కట్టేవి. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడు చిత్రకేతు. అతని పెళ్ళికూతురు మందారికని పీటల మీదనుంచే ధూమకర్ణుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల కోటలో దాచాడు.

వాడి ప్రాణం పసిడికప్పలో ఉందని లోకమంతా చెప్పుకునేది. పెద్దన్న వెళ్ళాడు, ఒక కప్పను నరికాడు, రాయైపోయాడు. నడిపన్న వెళ్ళాడు, ఇంకో కప్పను నరికాడు, అతనూ రాయైపోయాడు. ఇక చిత్రకేతు బయలుదేరాడు. ఏడు సముద్రాలూ ఈదాడు, జుట్టు తడవకుండా!

తెల్లవారేసరికి కోట పక్క చెరువు చేరాడు. తామరాకు మీద ఒక్కటే కప్ప, దీపంలా మెరుస్తోంది. కత్తి దూశాడు గానీ, అంత చిన్న ప్రాణిని చూస్తే చెయ్యి రాలేదు.

"ఏం నాయనా, పళ్ళు తోముకున్నావా?" అంది కప్ప.

"లేదవ్వా," అన్నాడు సిగ్గుపడుతూ.

"పాచిమొహంతో చంపుతావా నన్ను? మీ అమ్మ నేర్పింది ఇదేనా? ఈ చెరువునిండా మావాళ్ళుండేవాళ్ళు. వచ్చిన ప్రతి వీరుడూ ఒకరిని నరికాడు. మాంత్రికుడు చచ్చాడా? నేనొక్కదాన్నే మిగిలాను. ముందు పుల్ల విరుచుకో, పో!"

గట్టు మీద కానుగచెట్టుంది. ఊరూరా ఉండే మామూలు కానుగే. చిత్రకేతు ఒక పుల్ల విరిచాడు.

"అబ్బా, నా చిటికెనవేలు!" అని కోటలో కేక.

అది వంకరగా ఉందని ఇంకోటి విరిచాడు.

"అమ్మో, నా మోచెయ్యి!"

మూడో పుల్లకి చెయ్యి చాచేసరికి ధూమకర్ణుడు పంచె ఊడిపోతున్నా ఆగకుండా పరిగెత్తుకొచ్చాడు.

"బాబ్బాబు, తోముకోకు!"

కప్ప నవ్వింది. "అరుదైనవాళ్ళమని అందరూ మామీద పడ్డారు. ఎక్కడపడితే అక్కడుండే చెట్టువంక ఎవరు చూస్తారు?"

"మందారికని తీసుకురా. మా అన్నల్ని లేపు. చచ్చిన కప్పలన్నిటినీ బతికించు," అన్నాడు చిత్రకేతు. "లేదా ఈ పూట చెట్టంతా నమిలేస్తాను!"

అన్నలు ఆవులిస్తూ లేచారు. చెరువు మళ్ళీ పసిడికప్పలతో నిండింది. మందారిక వచ్చి, "ఇంత ఆలస్యమా?" అంది.

"పళ్ళు తోముకోవద్దూ?" అన్నాడు.

ఆ గట్టునే పెళ్ళయింది. కప్పల మేళం ఏడు సముద్రాలు దాటి రాజుగారి మీసాలు అదరగొట్టింది. కానుగచెట్టుని వేళ్ళతో సహా మాంత్రికుడే నెత్తిన మోసుకొచ్చి రాజుగారి పెరట్లో నాటాడు.

చిత్రకేతు, మందారిక మనవల మనవల పెళ్ళిళ్ళు చూసేదాకా ఏలారు. ధూమకర్ణుడు ఎప్పుడైనా కళ్ళెర్రజేస్తే చిత్రకేతు పల్లెత్తు మాట అనేవాడు కాదు. చెట్టు కిందికి పోయి, ఒక కొమ్మ వంచి, పళ్ళికిలించేవాడు. అంతే!

కథ అయిపోయింది. కప్పలు చెరువులోకి, పిల్లలు పళ్ళు తోముకోడానికి!