మూడో గడప నీళ్ళు

ఒక ప్రశ్న అడుగుతాను, ఆలోచించి చెప్పండి. జ్వరానికి మాత్ర ఉంది, దెబ్బకి కట్టు ఉంది. దడుచుకున్న బిడ్డకి మందేమిటి? తెలియదా? సరే, అయితే వినండి. మధ్యలో లేవకూడదు.

అనగనగా, అంటే మీ తాతకి తాత కూడా పుట్టని రోజుల్లో, అరబ్బుల దేశంలో ఒక ఊరుండేది. చుట్టూ ఎర్ర కొండలు, మధ్యలో ఖర్జూరపు తోటలు. అక్కడ వాన పడటమే అరుదు. కొండ అడుగు నుంచి సన్నటి రాతి కాలువ ఒకటి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చేది. ఒక్కో తోటకి ఒక్కో వంతు. వంతు తప్పితే చెట్టు ఎండేది. అందుకే ఆ ఊళ్ళో తగువులన్నీ నీళ్ళ తగువులే.

ఆ ఊళ్ళో ముజ్నా అనే ఆవిడ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. పెళ్ళి జరిగితే గిన్నెలు తోమేది, చావు జరిగితే గిన్నెలు తోమేది, పండగ వస్తే గిన్నెలు తోమేది. పని లేని పూట మసీదు పక్కన ఆడవాళ్ళు నమాజు చేసుకునే గది ఊడ్చి, చాపలు దులిపేది. చదువు రాదు. నమాజుకి కావలసిన నాలుగు మాటలు వచ్చు, అంతే. ఊరంతా ఆవిడని ఖాలా అనేవారు. ఖాలా అంటే పిన్ని అన్నమాట.

ఆ గది గూట్లో ఒక ఇత్తడి గిన్నె ఉండేది. దాన్ని భయం గిన్నె అనేవారు. దాని లోపల అంచు నుంచి అడుగు దాకా ఖురాన్ వాక్యాలు చెక్కి ఉండేవి. ఎవరైనా దడుచుకుంటే అందులో నీళ్ళు పోసి, రాత్రంతా చుక్కల కింద ఉంచి, తెల్లవారి నమాజయ్యాక తాగించేవారు. దడుపు పోతుందని ఆడవాళ్ళు నమ్మేవారు. మగవాళ్ళు నవ్వేవారు. తమకి దడుపు పడితే మాత్రం గుట్టుగా కబురు పెట్టి గిన్నె తెప్పించుకునేవారు.

గిన్నె తిరిగి వచ్చినప్పుడల్లా ముజ్నా దాన్ని తోమేది. ఇసక వేసి తోమేది, బూడిద వేసి తోమేది, నిమ్మచెక్కతో తోమేది. దేవుడి మాట ఉన్న గిన్నె మెరవద్దూ అని ఆవిడ ఉద్దేశం. అలా ఏళ్ళు గడిచాయి.

ఒకనాడు నస్రా అనే ఆవిడ కొడుకు సుహైల్ కాలువలో పడ్డాడు. చిన్నవాడు. ఎవరో పైకి లాగారు, దెబ్బలేమీ తగల్లేదు. కానీ వాడు అన్నం ముట్టడు, నీళ్ళు ముట్టడు, నోరు విప్పడు. మూలికల వైద్యం చేసే షర్ఫా వచ్చింది. సాంబ్రాణి పొగ వేసింది, నల్ల జీలకర్ర నూనె రాసింది, కాల్చిన కడ్డీతో మడమ మీద చురక కూడా పెట్టింది. వాడు ఉలిక్కిపడ్డాడే గాని అరవలేదు. ఇలాగే ఉంటే బిడ్డ దక్కడని షర్ఫా మెల్లిగా చెప్పింది.

నస్రా పరుగున గిన్నె కోసం వెళ్ళింది. ఆడపిల్లలకి ఖురాన్ నేర్పే రయ్యా గిన్నె తీసి వెలుతుర్లోకి పట్టింది. గిన్నె అద్దంలా ఉంది. ఒక్క అక్షరం లేదు.

ఎవరు చేశారని అడిగింది రయ్యా. నేనే అమ్మా, శుభ్రం చేశాను అంది ముజ్నా.

"శుభ్రమే చేశావు ఖాలా," అంది వెనకాల నుంచి ఒకామె. "అల్లా మాట కూడా మిగల్చకుండా."

చెక్కేవాడు రేవు పట్నంలో ఉంటాడు. ఒంటె మీద పోయి వచ్చేసరికి పిల్లవాడు ఉండడు. నస్రా గోడకి ఆనుకుని కూలబడింది. ముజ్నా గిన్నె అందుకుంది, కాలువలో నీళ్ళు ముంచింది, వచ్చి రయ్యా ఎదురుగా నిలబడింది.

"అమ్మా, గిన్నె మీద మాటలు పోగొట్టాను. నీ నోట్లో ఉన్నాయి కదా. ఒకటి చదివి ఇందులో ఊదు."

రయ్యా చదివి ఊదింది. అది మొదటి గడప. ముజ్నా షర్ఫా ఇంటికి వెళ్ళింది. షర్ఫా చదివి ఊదింది. అది రెండో గడప. నమాజుకి ముందు చేతులు మూడుసార్లు కడుగుతారు, ముఖం మూడుసార్లు కడుగుతారు. ఇదీ మూడు కావాలనుకుంది ముజ్నా. దారిలో ఉన్న మూడో గడప జోఖాది.

జోఖాకీ నస్రాకీ మాటల్లేవు. తోటలు పక్కపక్కనే, తగువు నీళ్ళ వంతు దగ్గర. "ఆ ఇంటికి నా నోటి నీళ్ళా? నా వంతు నీళ్ళు తాగుతూనే ఉన్నారుగా," అంది జోఖా.

ముజ్నా గిన్నె ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది. పొద్దు వాలాక చేసే అసర్ నమాజు పిలుపు వినపడింది. జోఖా లోపల నమాజు చేసుకుని వచ్చింది. ముజ్నా ఇంకా అక్కడే ఉంది. గిన్నెలో నీళ్ళు తొణకలేదు.

ఇంతకీ పిల్లవాడు ఎక్కడ పడ్డాడని అడిగింది జోఖా. మీ తోట మలుపులోనే అంది ముజ్నా.

జోఖా ముఖం మారింది. ఆ రోజు కాలువ నీళ్ళు తోటలోకి మళ్ళే మడవ దగ్గర ఎవరో పిల్లవాడు అటు తిరిగి రాళ్ళు పేర్చి ఆడుకుంటుంటే, నా నీళ్ళు మళ్ళిస్తున్నావా అని కర్ర ఎత్తి వెంటపడింది. వాడు మలుపు తిరిగాడు. ఏమయ్యాడో తను చూడలేదు. ఈ సంగతి ఎవరికీ తెలియదు. చెప్పవలసినవాడికి నోరు పడిపోయింది.

జోఖా గిన్నె తీసుకుంది. చదివింది, ఊదింది. తిరిగి ఇవ్వలేదు. నేనే తెస్తాను పద అంది.

జోఖాని చూడగానే సుహైల్ తల్లి వీపు వెనక్కి దూరిపోయాడు. వాణ్ణి దడిపించింది ఎవరో నస్రాకి అప్పుడు అర్థమైంది. ఆవిడ బయటికి పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. జోఖా నేల మీద కూర్చుని, తను ఒక గుక్క తాగి, గిన్నె ముందుకు చాపింది.

తల్లి వెనకాల నుంచి ఒక గొంతు వచ్చింది.

"కర్ర తేలేదా?"

"తేలేదు నాయనా. గిన్నె తెచ్చాను."

వాడు రెండు చేతులతో పట్టుకుని గిన్నె ఖాళీ చేశాడు.

నయం చేసింది చదివిన మాటా, నీళ్ళా, జోఖా రావడమా? ఆ ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. నేను దీని మీద పరీక్ష పెట్టను.

తర్వాత కొన్నాళ్ళకి ముజ్నా పోయింది. సమాధికి ఒక రాయే గాని పేరు లేదు. గిన్నె పట్నం పంపి మళ్ళీ చెక్కిద్దామని మగవాళ్ళు అన్నారు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. నున్నటి గిన్నె అలాగే గూట్లో ఉంచారు.

ఇప్పటికీ అక్కడ ఎవరైనా దడుచుకుంటే నీళ్ళు మూడు గడపలు తిరిగే వస్తాయి. మొదటి గడప చదువుకున్నవాళ్ళది, రెండోది వైద్యం తెలిసినవాళ్ళది. మూడోది ఆ ఇంటితో మాటల్లేనివాళ్ళది. వాళ్ళే మోసుకురావాలి, ముందు వాళ్ళే ఒక గుక్క తాగాలి. అందరితో సఖ్యంగా ఉన్న ఇంటికి మూడో గడప దొరక్క నానా అవస్థట. ఇద్దరు ఆడవాళ్ళు మరీ ఎక్కువ రోజులు మొహాలు తిప్పుకుంటే, ముసలివాళ్ళు వచ్చి ఒకటే అడుగుతారట: "ఖాలా గడప మీదికి వచ్చి కూర్చోవాలా?"

ఇక లేవనివ్వండి. బట్టలు సగమే ఆరేసి వచ్చాను. మిగతావి బకెట్లో ముద్దగా పడి ఉన్నాయి.