పెట్టె మింగిన స్వరం

భీమిలిలో సముద్రానికి దగ్గరగా కాపురముండే యెషయా మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏమడిగినా ముందు చేతిలో ఉన్న చెక్కను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టేవారు. తట్టి, విని, ఆ చెక్కను పక్కన పెట్టి, అప్పుడు అడిగినవాడి మొహం చూసేవారు. ఈలోగా సగంమంది తమ ప్రశ్న తామే మరిచిపోయేవారు. మిగతా సగంమందికి జవాబు బదులు ఏదో ఒక పని దొరికేది. ఆయన తన ఇంటి వసారాలోనే, ఒక పాత బల్ల మీద, చేత్తో గిటార్లు చేసేవారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను కూడా ఎవరింట్లో వాళ్లు చేసుకొమ్మనేవారు. "అది ఏ ఇంట్లో పలకాలో ఆ ఇంటి గాలే దానికి తగలాలి" అనేవారు.

ఆయన శిష్యుల్లో గౌరునాయుడు ఒకడు. విశాఖపట్నంలో ఒక పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం అతనిది. తప్పు కనబడితే అతని చెయ్యి ఊరుకోదు. ఎవరైనా శుభలేఖ ఇస్తే ముందు జేబులోంచి పెన్సిలు తీసేవాడు, పెళ్లి ఎవరిదో తరవాత చూసేవాడు. హోటల్లో గోడ మీద రాసిన ధరల పట్టీలో ఒక్క దీర్ఘం లోపించినా అతనికి ఇడ్లీ గొంతు దిగేది కాదు. మనిషి మంచివాడే. ఎవరి మనసూ నొప్పించాలని ఏనాడూ అనుకోలేదు. కాని దిద్దించుకున్నవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

అతని భార్య వరహాలమ్మ ఒకప్పుడు పాడేది. పెద్ద పాటలేమీ కావు. పిల్లల్ని పడుకోబెడుతూ, ఆ తీరంలో తల్లులందరూ పాడుకునే ఒక పడవ జోల పాడేది. ఆ జోలలో ఒకచోట ఆమె గొంతు రవ్వంత కిందికి జారేది. పక్కగదిలో కాగితాలు దిద్దుకుంటున్న గౌరునాయుడు తల ఎత్తకుండానే "అక్కడ శ్రుతి తగ్గింది వరాలూ" అనేవాడు. మొదట్లో ఆమె నవ్వి సరిచేసుకుంది. మళ్లీ జారింది, అతను మళ్లీ అన్నాడు. కొన్నాళ్లకు ఆమె పిల్లల్ని ఊరికే జోకొట్టి పడుకోబెట్టడం మొదలుపెట్టింది. ఇంట్లో పాట ఆగిపోయిందని అతను గమనించేసరికి పిల్లలు జోలల వయసు దాటిపోయారు. పాడమని అడిగాడు. "నాకేటి పాటలొచ్చండీ" అంది ఆమె. ఆ మాటలో కోపమైనా ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. కోపం లేదు, మరి దేన్ని పట్టుకుని బతిమాలుకుంటాడు? ఆనాటి నుంచి అతనికి ఇల్లు బోసిగా తోచింది. తన చేత్తో చేసిన వాద్యం ఆ ఇంట్లో మోగితే, దాని వెంటబడి ఆమె గొంతు మళ్లీ వస్తుందేమోనన్న ఆశ పుట్టింది. ఆ ఆశతోనే గిటారు చెయ్యడం నేర్పమని మాస్టారి గుమ్మం ఎక్కాడు. తన ఆశ సంగతి ఆయనకు తప్ప మరెవరికీ చెప్పలేదు.

గిటారు తయారవుతున్నన్నాళ్లూ గౌరునాయుడి ఇల్లు ఏదో సగం నిద్రలో ఉన్నట్టుండేది. పొద్దున్నే చిత్రిక పడుతుంటే దేవదారు పొట్టు చుట్టలు చుట్టలుగా నేల మీద రాలేది. వరహాలమ్మ దాన్ని చిమ్మేది కాదు, పాదాలకు మెత్తగా తగులుతోందని అలాగే వదిలేసేది. తడిపిన రోజ్‌వుడ్ బద్దను కాలిన ఇనప గొట్టం మీద మెల్లగా వంచుతుంటే, ఆవిరితో పాటు పువ్వుల వాసన లాంటిదొకటి వంటింటి దాకా వచ్చేది. పక్క బద్దలకు జిగురు రాసి పాత సైకిలు ట్యూబు ముక్కలతో కట్టేటప్పుడు ఒక కొస అతను లాగేవాడు, రెండో కొస ఆమె పట్టుకునేది. మాటలు ఎక్కువ ఉండేవి కావు. "పట్టుకున్నావా?" అంటే "పట్టుకున్నాను" అనేది. పై పలక తగినంత పలచబడిన రోజున అతను దాన్ని కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు. ఎండ అందులోంచి తేనెరంగులో వడపోసినట్టు ఆమె చెంప మీద పడింది. ఆ క్షణాన అతనికి అన్నీ బాగయిపోతాయనిపించింది.

తీగలు బిగించాక గిటారు చక్కగానే పలికింది, ఒక్కచోట తప్ప. మూడో తీగ మీద రెండో మెట్టు దగ్గర వేలు నొక్కి మీటితే స్వరం బుస్సున లేచి, లేచిన చోటే ఆరిపోయింది. పక్కనున్న స్వరాలన్నీ నిదానంగా సాగి చల్లారుతుంటే ఇది మాత్రం గుటుక్కున మింగేసినట్టు మాయమయింది. గౌరునాయుడు పెట్టెను తట్టి చూశాడు. పెట్టె కూడా ఆ స్వరమే పలికింది. ఇందులోని సంగతి మాస్టారు ఏనాడో చెప్పారు. ప్రతి పెట్టెకూ తనదంటూ ఒక స్వరం ఉంటుంది. తీగ సరిగ్గా ఆ స్వరాన్నే పలికిందంటే పెట్టె దాన్ని ఒక్కసారిగా తాగేస్తుంది, తీగ దగ్గర ఏమీ మిగలనివ్వదు. అందుకని పెట్టె స్వరం రెండు మెట్ల నడుమ ఎక్కడో పడేట్టు చెక్కుకోవాలి. అతని లెక్క వెంట్రుకవాసి తప్పింది. పోనీ అనుకుందామంటే, ఆ జోలలో వరహాలమ్మ గొంతు జారే చోటూ అదే. ఎన్నిసార్లు వాయించినా పాట సరిగ్గా అక్కడికి వచ్చి గోతిలో పడేది. అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

వెనక పలక కోసి తీసేసి, పై పలకకు లోపల దన్నుగా అంటించిన బద్దల్ని ఇంకాస్త చెక్కాలని నిశ్చయించుకున్నాడు. అలా విప్పి చెక్కేటప్పుడు పలచటి ఆ దేవదారు పలక నిలువునా చీలిపోవచ్చు. చీలితే గిటారు పోయినట్టే. ఇంకొకటి చేసే ఓపిక తనకు లేదని అతనికి తెలుసు. దానితో పాటు ఆ ఆశ కూడా పోతుందనీ తెలుసు. అయినా ఆ తప్పు అక్కడ ఉండగా అతనికి అన్నం సహించలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం గిటారునూ సన్నపళ్ల రంపాన్నీ తీసుకుని మాస్టారింటికి బయలుదేరాడు. ఒంటరి మనిషి, ఏం వండుకుంటారో ఏమోనని వరహాలమ్మ కూడా క్యారియర్లో చేపల పులుసు పెట్టుకుని వెంట వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది. సముద్రం మీంచి వచ్చిన మంచు వీధిని సగం చెరిపేసింది.

వరహాలమ్మ నేరుగా వంటింట్లోకి వెళ్లింది. గౌరునాయుడు రంపాన్ని బల్ల మీద పెట్టి, చచ్చిపోయే స్వరాన్ని మాస్టారికి మీటి వినిపించాడు.

"కోసి విప్పుదామనుకుంటన్నాను. వొద్దంటారేమో. తప్పు ఇక్కడుందని తెలిసీ దిద్దకుండా ఎలాగ ఊరుకోమంటారు మాస్టారూ?"

మాస్టారు గిటారు అందుకుని, అలవాటు ప్రకారం తట్టి విన్నారు. చాలాసేపు విన్నారు. తరవాత దాన్ని ఒళ్లో పెట్టుకుని "ఆ జోల ఓపాలి వాయిస్తాను, కూకో" అన్నారు.

వాన చినుకుల మధ్య జోల మెల్లగా మొదలయింది. పడవ ఒడ్డు విడిచింది, కెరటం ఎక్కింది, పాట అక్కడికి వచ్చి పుటుక్కున ఆగినట్టయింది. గౌరునాయుడు పళ్లు బిగించాడు. "చూసేరా?" అన్నాడు. మాస్టారు చూడలేదు. కళ్లు మూసుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. పాట మళ్లీ గోతిలో పడింది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు కాసేపు ఆగి మళ్లీ మొదలయింది. మాస్టారు మూడోసారి ఎత్తుకున్నారు. పడవ ఒడ్డు విడిచింది, కెరటం ఎక్కింది. స్వరం ఆరిపోయిన చోట, లోపలి నుంచి, సన్నటి కూనిరాగం ఒకటి వచ్చి ఆ గోతిని నింపింది.

ఆమె పాడాలని పాడలేదు. చేతులు గిన్నెల మీద ఉండగా గొంతు తనంతట తానే వెళ్లి, ఖాళీగా కనబడిన చోట కూర్చుంది. పాట తరవాతి మలుపు తిరిగింది, ఆమె గొంతు కూడా దానితో పాటే తిరిగింది. ఎన్నాళ్లయింది ఆ గొంతు విని! పిల్లల ఉయ్యాల, కిరసనాయిలు వాసన, తలుపు సందులోంచి పడే దీపం వెలుగు, అన్నీ ఒక్కసారిగా గౌరునాయుడి ముందుకు వచ్చి నిలబడ్డాయి. మాస్టారు ఆపకుండా మళ్లీ మొదటికి వచ్చారు. గిటారు మళ్లీ ఆ స్వరాన్ని మింగింది. ఆమె మళ్లీ ఇచ్చింది. ఇచ్చిన స్వరం రవ్వంత కిందికి జారింది, ఎప్పటిలాగే.

గౌరునాయుడి నోరు తెరుచుకుంది. అతను తెరవలేదు, అలవాటు తెరిచింది. "శ్రుతి" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చేసింది. అప్పుడు మాస్టారు కళ్లు తెరిచి అతని మొహం చూశారు. అతను రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి కన్నీళ్లు కారాయి, తుడుచుకోవడానికి చేతులు తియ్యాలంటే భయమేసింది.

జోల అయిపోయింది. వరహాలమ్మ ఖాళీ క్యారియర్ తుడుచుకుంటూ వసారాలోకి వచ్చి, "పులుసు చల్లారిపోద్ది మాస్టారూ, తినండి" అంది. తను పాడిన సంగతి ఆమెకు తెలియదు. భర్త మొహం చూసి "ఏటయిందండీ?" అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు.

మాస్టారు గిటారును పక్కన పెట్టి, బల్ల మీది రంపం తీసుకుని దాని పళ్లను బొటనవేలితో నెమ్మదిగా తడిమి చూశారు.

"ఇప్పుడు చెప్పు నాయుడూ, ఎక్కడ కొయ్యమంటావు?"