తొమ్మిది రోజుల ఎండ

గోవర్ధనానికి ఒక సుగుణం ఉంది. ఎదుటివాడి లెక్కలో తప్పు దొరికేదాకా అతనికి ముద్ద దిగదు. ఇంటికి పెళ్లి శుభలేఖ వస్తే ముందు తారీఖుకూ వారానికీ పొంతన కుదిరిందో లేదో చూసేవాడు. ఒకసారి కుదరకపోతే, ముఖపరిచయమైనా లేని పెళ్లికూతురి తండ్రికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. దీన్ని అతను సత్యనిష్ఠ అనుకునేవాడు. ఇంట్లోవాళ్లు దీనికి వేరే పేరు పెట్టారు గాని, అది అచ్చులో వేయదగ్గది కాదు.

చదువా అంటే, ఇంటర్మీడియట్ లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. ఆ కక్షతోనే కాబోలు, నరసరావుపేట వ్యవసాయ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసుకుంటూ, రోడ్డు పక్కన అమ్మే పాత పుస్తకాలు కొని గణాంకశాస్త్రం తనంతట తానే నేర్చుకున్నాడు. మొట్టమొదట కొన్న పుస్తకానికి తొలి రెండు అధ్యాయాలు లేవు. మొదలు తెలియకుండా మధ్యలోంచి వాదించడం ఇతనికి అందుకే అంత బాగా పట్టుబడిందని నరహరి మాస్టారు అనేవారు.

నరహరి మాస్టారు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. గోవర్ధనానికి గురువంటే ఆయనే. ఆదివారం పొద్దున వెళ్లి ఆయన అరుగు మీద కూర్చుని, ఆయన కాఫీ తాగి, ఆయనతోనే వాదించడం ఇతను చేసే శుశ్రూష. మాస్టారికి ఒక అలవాటుండేది. తేలిక ప్రశ్న అడిగితే కూర్చునే జవాబు చెప్పేవారు. కష్టమైనది అడిగితే మాత్రం "చెప్పులేసుకో" అని బయల్దేరదీసేవారు.

ఆ ఏడు గోవర్ధనం బల్ల మీదికి ఒక పని వచ్చింది. కృష్ణ ఒడ్డున ఉన్న ఒక పాత వ్యవసాయ ఫారాన్ని మూసేస్తున్నారు. పగటి ఎండ ఎంత, రాత్రి చల్లదనం ఎంత అని అక్కడ ముప్పై ఆరేళ్లుగా రోజూ చేత్తో రాసిన రిజిస్టర్లున్నాయి. అవి నమ్మదగ్గవైతే కంప్యూటరుకెక్కిస్తారు, కాకపోతే తూకానికేస్తారు. ఏది చేయాలన్నది గోవర్ధనం రాసే ఒక్క పేజీ మీద ఆధారపడి ఉంది. అతని జీవితంలో అంత బరువైన పేజీ అంతకు ముందు రాలేదు. వారం రోజులు కొత్త పెన్నుతో తిరిగాడు.

అంకెలన్నీ గీతగా గీస్తే గీత పైకి పోయింది. పగళ్ల కంటే రాత్రుల గీత ఇంకా నిటారుగా పోయింది. గోవర్ధనానికి అది నచ్చలేదు. లోకం వేడెక్కుతోంది, అది మనిషి చేసిన పనే అని మాస్టారు రెండేళ్లుగా అంటుంటే, రెండేళ్లుగా కాదంటున్నది అతనే మరి. తన చేత్తో గీసిన గీత గురువుగారి వైపు మాట్లాడటం అతనికి ఇంటి కుక్క పక్కింటివాళ్ల గడప దగ్గర పడుకున్నట్టు అనిపించింది. మళ్లీ మొదటినుంచి వెతికాడు. పదేళ్ల కిందటి మే నెలలో దొరికింది. పగటి గడిలో నలభై ఆరు పాయింట్ రెండు, రాత్రి గడిలో ఇరవై ఎనిమిది పాయింట్ నాలుగు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వరసగా తొమ్మిది రోజులు అవే రెండు అంకెలు. తప్పిపోయిన మేకపిల్ల కనబడినంత సంతోషపడ్డాడు గోవర్ధనం.

ఆదివారం రిజిస్టర్ల కట్ట చంకన పెట్టుకుని వెళ్లాడు.

"మాస్టారూ, భూమిని మనిషే వేడెక్కించాడంటారు. ఆ మాట నిలబడింది ఇలాంటి పుస్తకాల మీదేగా. ఒకడు చెట్టు కింద కూర్చుని తొమ్మిది రోజులు దొంగలెక్క రాశాక, మిగతా పదమూడు వేల రోజులు నన్నెలా నమ్మమంటారు?"

ఆ తొమ్మిది రోజులూ తీసేసి మళ్లీ గీశావా అని మాస్టారు అడిగారు. గీశాడు. గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదని ఒప్పుకున్నాడు. ఫారంలో ఎండ కొలిచే పెట్టె పక్కన సిమెంటు గోడౌను కట్టిన తర్వాతి ఏళ్లు కూడా తీసేశాడు. అయినా అది ఎక్కుతూనే ఉంది. అప్పుడు మాస్టారు చాలాసార్లు చెప్పిందే మరోసారి ఓపిగ్గా చెప్పారు. ఒక్క ఊరి పెట్టె వేడి పెరిగిందని మాత్రమే చెబుతుంది, ఎవరివల్ల అన్నది చెప్పలేదు. దానికి వేరే సాక్షులున్నారు. ఇన్ని దశాబ్దాల్లో సూర్యుడి తీక్షణత పెరగలేదని ఆకాశంలోంచి కొలిచిన లెక్క ఉంది. సూర్యుడే కారణమైతే పైపొరల గాలి కూడా వేడెక్కాలి, అది చల్లబడుతోంది. గాలిలో పెరిగిన బొగ్గుపులుసు వాయువు నేల కింది బొగ్గూ నూనే మండించగా వచ్చిందని దాని తీరే చెబుతుంది. ఆ వాయువు దుప్పటిలా కప్పుకోబట్టి, పగలు నేల పుచ్చుకున్న వేడి రాత్రి వదిలిపోవడం లేదు.

గోవర్ధనం ఒక్కొక్కదానికీ తలూపాడు. ఎప్పుడూ ఊపుతాడు. విందులో ప్రతి వడ్డననూ మెచ్చుకుంటూ తిని, చివర విస్తరి మడిచేముందు ఆకలి తీరలేదనే రకం. ఇంకొక్క సాక్ష్యం ఉంటే బాగుండేదన్నాడు. ఎన్ని సాక్ష్యాలైనా, మొత్తం సూర్యుడిదో సముద్రానిదో అయ్యుండొచ్చు కదా, పాపం మనిషి మీదే ఎందుకు వేయాలన్నాడు.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆ మే నెల పేజీ కేసి చాలాసేపు చూశారు.

"అబద్ధం రాసేవాడికి ఆ మాత్రం తెలివుండదా గోవర్ధనం? రోజుకో అంకె మార్చి రాసేవాడు. చెప్పులేసుకో."

బస్సు దిగేసరికి పదకొండైంది. ఆ అంకెలు రాసిన మనిషి పేరు యల్లమంద. ఊళ్లో ఆ పేరుతో అడిగితే ముగ్గురున్నారు. 'గాజుగొట్టాల యల్లమంద' అంటేగాని దారి చూపలేదు. డెబ్బై ఏళ్లుంటాయి. రేకుల పంచ కింద కూర్చుని మిరపకాయల తొడాలు తీస్తున్నాడు. వచ్చినవాళ్లెవరో చెప్పగానే గోవర్ధనాన్ని ఎగాదిగా చూసి, "తప్పులు పట్టే సారు మీరేనా? ఫారంలో చెప్పుకున్నారు" అన్నాడు. తన కీర్తి కృష్ణ ఒడ్డు దాకా పాకినందుకు గోవర్ధనం లోలోపల మురిసిపోయి, ఆ మురిపెం తగ్గకముందే రిజిస్టరు తెరిచి ముందు పెట్టాడు.

ముసలాయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. మిరప ఘాటు అంటుతుందని కాబోలు, పేజీని ముట్టుకోకుండా వంగి చూశాడు. ఆ తొమ్మిది రోజులూ తన రాతేనన్నాడు. దానికి ముందరి పేజీలు మాత్రం తనవి కావన్నాడు.

"మా సైదమ్మవి."

గోవర్ధనం పేజీలు వెనక్కి తిప్పాడు. వెనక్కి, కట్టలోని పాత రిజిస్టర్లలో ఇంకా వెనక్కి. ఇరవై నాలుగేళ్ల పాటు ఒకే చెయ్యి, ముగ్గు చుక్కల్లా కుదురైన అంకెలు. ఆ మే నెలలో ఒక రోజు దగ్గర అది ఆగిపోయి, అక్కణ్నుంచి వంకరటింకర చెయ్యి మొదలైంది. పదమూడు వేల రోజుల అంకెలను దీపం పెట్టి వెతికినవాడు, రాత మారిందన్న సంగతి చూడలేదు.

యల్లమంద కాయలు ఒలుస్తూనే చెప్పాడు. నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టెలో గాజుగొట్టాలుంటాయి. వాటిని పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి చూసి రాయాలి. ఉద్యోగం అతనిది. రెండేళ్లు తనే రాశాడు. ఏడో తరగతి చదివిన పెళ్లాం అంకెలు గుండ్రంగా వేస్తుందని ఒకసారి ఆమెతో రాయిస్తే, పై ఆఫీసరు పుస్తకం చూసి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు పోగొట్టుకోవడం ఇష్టంలేక తర్వాతా ఆమెతోనే రాయించాడు. ఆ తర్వాత చూడటానికి కూడా ఆమెనే పంపాడు. రెండింటికి అన్నం తిని ఉన్నవాడు లేచి ఎండలో పొలం దాటి ఎక్కడ పోతాడు? సంతకం మాత్రం నెలాఖరున తను పెట్టేవాడు.

ఆ రోజు పొద్దుటి నుంచి ఆమె తల బరువుగా ఉందన్నది. ఈ పూట నువ్వు పోరాదా అన్నది. గడి ఖాళీగా ఉంటే సారు ఊరుకోడు, పోయిరా అన్నాడు. పోయింది. నలభై ఆరు పాయింట్ రెండు అని రాసింది. వచ్చి చెంబెడు నీళ్లు తాగి పడుకుంది. నాలుగింటికి లేపితే లేవలేదు.

"దినాలప్పుడు కూడా నేను మానలేదు సారూ. తొమ్మిది రోజులూ రెండు పూటలా పోయాను. గొట్టంలో ఏముంటే అది రాశా."

పదో రోజు ఫారంలో కుర్ర అసిస్టెంటు చూసి, రోజూ విదిలించట్లేదా మామా అని అడిగాడట. ఆ గొట్టంలో పాదరసం జ్వరం చూసేదానిలాగే ఎక్కడికెక్కితే అక్కడే ఉంటుంది. చూసినప్పుడల్లా విదిలించి దించితేగాని మర్నాటి ఎండ తెలియదు. రాత్రి చల్లదనం చూపే గొట్టంలోని సన్నటి పుల్లనూ అలాగే సర్ది పెట్టాలి. ఇరవై నాలుగేళ్లుగా ఆ పనులు సైదమ్మే చేసేది. మొదటి రెండేళ్లు తను చేసిన పని అతను ఎన్నడో మరిచిపోయాడు.

"అది పోయినరోజు ఎండ తొమ్మిది రోజులు ఆ గొట్టంలోనే ఉంది. నేనే పోయి పోయి చూసొచ్చా. పదో రోజు విదిలిస్తే దిగింది."

ఇలాంటప్పుడు అందరూ అనే మాటే గోవర్ధనం అన్నాడు. వడదెబ్బకు ఎవరేం చేస్తారు, మీ తప్పేముంది, ఎండ అలాంటిది అన్నాడు.

"ఊరంతా అదే అన్నారు సారూ. కాయితంలో కూడా వడదెబ్బనే రాశారు. ఎండ దాని పని అది చేసింది, నేను పుట్టకముందూ చేసింది. తల బరువుగా ఉందన్న మడిసిని అందులోకి పంపింది మాత్రం నేను."

అంతసేపూ అతను గొంతు పెంచలేదు, కాయ ఒలవడం ఆపలేదు. తర్వాత రిజిస్టర్లను ఏం చేస్తారని అడిగాడు. గోవర్ధనం ఉన్నది చెప్పాడు: నమ్మదగ్గవి కావని తేలితే తూకానికి పోతాయి. అప్పుడు ఆగాయి ఆ చేతులు.

"నేను దొంగలెక్క రాశానని రాసుకోండి. ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతా. దాని అంకెలు మాత్రం కొట్టేయబాకండి అయ్యా. అది ఒక్కరోజు తప్పు చూసి ఎరగదు."

ఉద్యోగి కాకుండా ఇంకొకరు చూసి రాసిన లెక్క చెల్లదని ఒక నిబంధన ఉంది. నంబరుతో సహా గోవర్ధనానికి నోటికి వచ్చు. దాన్ని వాడితే ఇరవై నాలుగేళ్లూ ఒక్క గీతతో పోతాయి. అలాంటి గీత దొరికితే మామూలుగా అతను ఆ పూట ఇంటికి మిఠాయి పట్టుకెళ్లేవాడు. ఇప్పుడు మాత్రం కొత్త పెన్ను తీసి, నులకమంచం అంచున కూర్చుని, అక్కడే ఆ పేజీ రాశాడు. తొమ్మిది రోజుల లెక్క విడిచిపెట్టాలి, గొట్టం విదిలించలేదు. మిగతాది నమ్మదగినది, భద్రపరచాలి. ఇరవై నాలుగేళ్లు చూసి రాసినది సైదమ్మ.

యల్లమంద ఆ ఆఖరి ముక్క చదివి వినిపించమన్నాడు. విని, ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత మళ్లీ మిరపకాయల వైపు తిరిగాడు.

బస్సు కోసం ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. తారు మెత్తబడి చెప్పులకంటుతోంది. పాత పుస్తకం నేర్పిన అలవాటు గోవర్ధనాన్ని ఊరుకోనివ్వలేదు. ఇందులో ఎండ పాలెంత, యల్లమంద పాలెంత అని విడదీసి చెప్పడం కష్టమేమో మాస్టారూ అన్నాడు. అయినా ఊరంతా నీ తప్పు కాదంటుంటే, అంత తేలిగ్గా దొరికిన మాటను ఆ ముసలాయన ఎందుకు పుచ్చుకోలేదో తనకు అర్థం కాలేదన్నాడు.

మాస్టారు ఎండలోకి చూశారు.

"ఈ ఎండ పెరగడం ఎవరి పనో తేల్చడం దాకా నాకు వచ్చు గోవర్ధనం, నీకూ నేర్పాను," అన్నారు. "తేలాక ఆయనలా 'నేనే' అనడం మాత్రం నాకింకా రాలేదు."