తివాచీలో బెత్తెడు చార

అనగనగా మన ఏలూరు లాంటి ఒక ఊళ్ళో, తివాచీలు నేసే వీధిలో, ఒక తల్లీ కూతురూ ఉండేవాళ్ళు. తల్లి పేరు మాబున్నీ, కూతురి పేరు షంషాద్. వాళ్ళ ముత్తాతల ముత్తాతలు పర్షియా దేశం నుంచి వచ్చారట. అదెంత దూరమో నాకు తెలీదు బంగారూ, ఓడలెక్కి వచ్చారంటే దూరమే. వస్తూ వస్తూ ముడులు వేసే విద్యని వేళ్ళలో పెట్టుకుని తెచ్చుకున్నారు.

తివాచీ అంటే ఏమనుకున్నావు? ఉన్నిపోగుతో ఒక ముడి, దాని పక్కన ఇంకో ముడి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేస్తే నీ గోరంత పెరుగుతుంది. అలా రెండేళ్ళు నేశారు ఒక్క తివాచీని.

సగంలో ఉండగా మాబున్నీ వేళ్ళు కొంకర్లు పోయాయి. చూపూ మందగించింది. అప్పుడు షంషాద్ మగ్గం ముందు కూర్చుంది. అమ్మ రంగువేసిన ఎర్ర ఉన్ని అప్పటికే అయిపోవడంతో, మంజిష్ఠ వేరు ఉడకబెట్టి తనే కొత్త ఉన్నికి రంగు పట్టించింది. మొదటి కాగు వెలిసినట్టు వచ్చింది. ఆ తర్వాతి కాగు అమ్మ ఎరుపులో కలిసిపోయింది. కానీ తివాచీ నడుమ బెత్తెడు చార లేతగా ఉండిపోయింది, జుట్టు నెరిశాక అక్షరాలు దిద్దిన నా నోటుబుక్కులో మొదటి పేజీలాగా.

ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. నేసినవాళ్ళు ధర చెప్పకూడదు, కొనేవాళ్ళూ చెప్పకూడదు. వీధికి పెద్ద దిక్కు, దస్తగిరి తాత చూసి ఎంతంటే అంత. తగిన ధర రాకపోతే తర్వాతి తివాచీకి ఉన్ని ఉండదు. ఉన్ని లేకపోతే మగ్గం విప్పి కట్టెల అడితికి ఇచ్చెయ్యాల్సిందే.

షంషాద్‌కి అన్నం సహించలేదు. చార కేసి చూస్తుంది, లేస్తుంది, మళ్ళీ వచ్చి చూస్తుంది. తాత వచ్చే ముందు రోజు, మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే, ఎర్రసిరా బుడ్డి తెచ్చి, చిన్న కుంచెతో ఆ చార మీద పులిమేసింది. చార మాయమైంది.

మర్నాడు దస్తగిరి తాత వచ్చాడు. వెనకే కొనుక్కునే కోటిలింగం గారూ వచ్చాడు.

మొదట తాత తివాచీని తిరగేసి, బొటనవేలంత జాగాలో ముడులు లెక్కపెట్టాడు. "దగ్గరగా ఉన్నాయి, భేష్" అన్నాడు. అంతలో ఆగిపోయాడు. వెనక వైపు చార ఉంది. ముందుకి తిప్పాడు, లేదు. మళ్ళీ వెనక్కి తిప్పాడు, ఉంది!

"ఇదేంటే బేటీ?"

షంషాద్ అమ్మ వెనక్కి జరిగింది.

ఆ తర్వాత తాత ఉన్నిని వేళ్ళతో విడదీసి ఉఫ్ మని ఊదాడు. పైన ముదురు, అడుగున లేత.

అప్పుడు తెల్లగుడ్డ తడిపి రుద్దాడు. గుడ్డ ఎర్రబడింది.

"బాగుంది సాయిబు గారూ!" అని కోటిలింగం గారు నవ్వాడు. "దీని మీద కూర్చుని లేస్తే నా పంచెకి పారాణి పెట్టినట్టుంటుంది! మిషను తివాచీ నయం, రంగైనా కారదు."

"మా ఇంటి రంగు కారదు చిచ్చా, ఎన్నడూ కారలేదు" అంది మాబున్నీ తాత వైపు తిరిగి.

షంషాద్ ఇక ఆగలేకపోయింది. "కారింది రంగు కాదు తాతా, సిరా. నేనే పూశాను. చార చూస్తే ధర తగ్గిస్తావనీ..." అని ఏడ్చేసింది.

"పూసిన చేత్తోనే కడుగు" అన్నాడు తాత.

కడిగింది. మొదటి బిందె నీళ్ళు ఎర్రగా పోయాయి. రెండో బిందె గులాబీ రంగులో పోయాయి. మూడో బిందె తేటగా పోయాయి. ఆ తర్వాత తివాచీ ఎండలో ఆరేదాకా అందరూ అరుగు మీద కూర్చున్నారు. కోటిలింగం గారు రెండుసార్లు చెప్పులేసుకుని, రెండుసార్లూ విప్పాడు.

ఆరింది. చార బయటపడింది. తాత మళ్ళీ తడిగుడ్డతో రుద్దాడు. ఈసారి గుడ్డ తెల్లగానే ఉంది!

"చూడండి కోటిలింగం గారూ, మిషను ఈ చార నెయ్యలేదు. ఒక కాగు ఉన్ని అయిపోయి ఇంకో కాగు పొయ్యెక్కిన చోటిది. చేత్తో చేసిన పని ఇలాగే ఉంటుంది. దీనికి నేను పైసా తగ్గించను. సిరాకైతే తగ్గించేవాణ్ణి, అది కాలవలో పోయింది."

అప్పుడు మాబున్నీ తివాచీ వీపుని మెల్లగా తడుముతూ వచ్చి, సరిగ్గా చార దగ్గర బొటనవేలు ఆపింది. "ఇక్కడి నుంచి నీ ముడులు కదూ షమ్మూ? నావాటికంటే బిగువు. నాకెప్పుడో తెలుసు. పిచ్చిదానా, చార తప్పు కాదని నన్నడిగితే చెప్పేదాన్ని కదా!"

తాత ధర చెప్పాడు. రెండేళ్ళ కూటికీ, ఇద్దరి చేతులకీ, తర్వాతి తివాచీ ఉన్నికీ సరిపోయేంత. కోటిలింగం గారు గొణిగాడు, గొణుగుతూనే ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే మగ్గం మీద కొత్త ముడి పడింది.

చార ఉన్న తివాచీని వాకిట్లో పరిచి,
కథ కంచికి నడిచింది కొంగు దులిపి,
మనం ఇంటికొచ్చాం చెయ్యీ చెయ్యీ కలిపి,
పడుకో బంగారూ, కాళ్ళు రెండూ ముడిచి.